ఆదివారం తర్జుమా

“ఈ సినిమాలో ఆ ఇనుప మనిషికి నయమైతే రేపు నీతో నంద్యాలకు వస్తా. కాకుంటే ఇంగ సూదులు, ఆసుపత్రి అని నన్ను పిలవద్దు” అంది మణెమ్మ, టీవీ వైపు చూపిస్తూ, కొంగులోకి దగ్గుతూ.

ఆమె భర్త దేవసహాయం పంతులుకు గుండె జారింది. క్షయకు నలభై సూదులు పొడిపించుకుని, విసిగిపోయి, నెల్లాళ్లుగా ఆమె ఆసుపత్రి గడప తొక్కలేదు. ఇంకో నెల ఇలాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు ఆయనకు చెప్పేశాడు.

ఆళ్లగడ్డలో ఆ వీధి మొత్తానికి అప్పట్లో ఒక్కటే టీవీ, వీరభద్రయ్య శెట్టి ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నమైతే ఆ పడసాలలో ఒకరి మోకాళ్లు ఒకరికి తగిలేలా ఇరుక్కుని చూసేవాళ్లు. ఇప్పుడు ఇంటికో టీవీ ఉంది గానీ ఆ ఇరుకు లేదు, తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ పూట వచ్చింది ఇంగ్లీషు సినిమా. చర్చికి దొరలొస్తే వాళ్ల ప్రసంగాన్ని మాట వెంట మాట తెలుగు చేసేది దేవసహాయమే. అందుకని టీవీ పక్కన కూడా ఆయన్నే నిలబెట్టారు.

సినిమాలో ఒక సైంటిస్టు. చూపుకు మామూలు మనిషే, ప్రయోగం వికటించి ఒళ్లు మాత్రం ఇనుమైపోయింది. వరదలో కొట్టుకుపోయే బస్సును ఒంటిచేత్తో ఆపుతాడు, కన్నకూతుర్ని మాత్రం నలిగిపోతుందని ఎత్తుకోలేడు. విరుగుడు మందు కోసం అతను తిరగని ఊరు లేదు.

“సహోదరులారా! ‘మందు దొరికేదాకా నేను నిద్రపోను’ అంటాండాడు!” దేవసహాయం చర్చిలో లాగే గొంతెత్తాడు.

“ఆమేన్!” అన్నారు జనం. నుదుట విభూతితో వీరభద్రయ్య కూడా నోరుజారి అనేశాడు. భార్య మహానందమ్మ మోచేత్తో ఒక పోటు పొడిచింది.

చివరికి సైంటిస్టు మందు తాగాడు. కాసేపు అద్దంలో చూసుకున్నాడు. సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కాడు. మణెమ్మ అతని మొహం మీంచి చూపు తిప్పలేదు.

“‘దేవునికి స్తోత్రం! నాకు నయమాయె! నూరు మందులు పనిచేయకున్నా నేను ఇడిసిపెట్టల్యా, అందుకే బతికినా. ఇంటికి పోయి నా బిడ్డను ఎత్తుకుంటా’ అంటాండాడు, సహోదరులారా!”

“మరి ఏడుస్తాండాడేంది?” అడిగింది మహానందమ్మ.

“సంతోషం తల్లీ, సంతోషం” అన్నాడు దేవసహాయం, చెమట తుడుచుకుంటూ.

ఇంటిదారిలో మణెమ్మ ఆయన పక్కనే నడిచింది. మలుపు దగ్గర ఆగింది.

“పొద్దున బస్సు ఎన్ని గంటలకు?”

“ఆరుకు.” ఆయన ఆమె వైపు తిరిగాడు. “నిజంగా వస్తావా?”

“వస్తా. నా కోసం ఇంత తంటా పడితివి, రాకుండా ఎట్లుంటా?” నవ్వాపుకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. “కానీ పంతులూ, ఇంగోసారి తర్జుమా చేసేటప్పుడు, టీవీలో మనిషి నోరు తెరిచేదాకన్నా ఆగు.”