కోపమొస్తే ఓడినట్టే

"పాడు," అన్నాడు మేనేజరు. "నా వెనక పాడేదేదో నా ముందరే పాడు."

లాండ్రీలో అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పెద్ద హోటలుకి అడుగున, కిటికీ అన్నది లేని ఆ హాల్లో ఉతుకు యంత్రాల రొద ఒక్కటే మిగిలింది. దుప్పటి ఒక కొస గలగల చేతిలో, రెండో కొస వాళ్ల వదిన చేతిలో అలాగే ఉండిపోయాయి. నోరు తెరిస్తే ఆగదని ఆ అమ్మాయికి అందరూ కలిసి పెట్టిన పేరు గలగల. ఇప్పుడు మాత్రం మాటలు కూడబలుక్కుంటూ అంది.

"ఊరికే సరదాకి సార్... ర్యాప్ అంటారు దాన్ని."

"తెలుసు. అదే పాడమంటున్నా."

గలగల వదిన వైపు చూసింది. దుప్పట్లు మడతపెట్టే కొత్త యంత్రం వస్తోందనీ, సగం మందికి ఉద్వాసన తప్పదనీ కొన్నాళ్లుగా ఒకటే గుసగుసలు. అన్నయ్య మంచాన పడ్డాక ఆ ఇల్లు నడుస్తున్నది వదిన జీతం మీదే. పాపిష్టి నోటిని అదుపులో పెట్టుకోలేక వదిన నోట్లో కూడా తనే మన్ను కొట్టేలా ఉంది.

"నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా," అని గొణిగాడు ఇస్త్రీ బల్ల దగ్గరున్న తాత. "పాటంటే రాగం ఉండాలి. ఇదేం పాట? కుళాయి దగ్గర తగువులాగ!"

"రాగాలు తీసే తీరిక మనకెక్కడిది తాతా?" అంది వదిన. "ఇదైతే కడుపులో ఉన్నదంతా కక్కేసినట్టుంటుంది. వింటే నాకు తలనొప్పి కూడా పోతుంది."

మేనేజరు నవ్వాడు. "నాదీ తాత మాటే. మా అమ్మాయి పొద్దస్తమానం ఇదే వింటుంది. తిట్లకి దరువేస్తే పాటైపోతుందా అని అడిగా. 'దీనికో పద్ధతుంది నాన్నా, ఎవరి మీద పాడితే వాళ్లు నిలబడి వినాలి, కోపమొస్తే ఓడినట్టే' అంది. సరే, నేను నిలబడతా. పాడినందుకు నీ ఉద్యోగం పోదు. అందరి ముందూ మాటిస్తున్నా."

అని గలగల పక్కకొచ్చి, పనివాళ్లందరికీ ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇక తప్పేలా లేదు. గలగల బట్టల తోపుడుబండి మీద అరచేత్తో దరువు వేసింది. పాట ఎత్తుకుంది.

"మాకు ఆవిరి, మాకు ఉక్క, మాకు చెమట కాలవ,
మీకు ఏసీ, మీకు సోఫా, మీకు సిల్కు శాలువ!"

ఎవరూ నవ్వలేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు. ఆమె ఓరకంట మేనేజరుని చూసింది. ఆయన పెదవుల మీద చిరునవ్వు చెక్కుచెదరలేదు. దాంతో కాస్త తెగువొచ్చింది.

"గదిలో అతిథి మరిచిన చొక్కా మర్నాడు మీ ఒంటి మీద,
పొట్ట దగ్గర గుండీ ఊడితే ఆ నేరం మా నెత్తి మీద!"

వదిన ఆపుకోలేకపోయింది. దుప్పటి కొస నోటికి అడ్డం పెట్టుకుంది గానీ లాభం లేకపోయింది. ఫక్కున నవ్వింది. ఆ వెనకే సబ్బులు కలిపేవాడు, తడిబట్టలు పిండే అక్కాచెల్లెళ్లు, మూలనున్న కుట్టుమిషను ఆవిడ, ఒకరిని చూసి ఒకరు.

"దుప్పటి మీద మరకుంటే మా జీతానికి కోత,
మనసు మీద మరకుంటే మీకెవరు పెడతారు వాత?"

ఇక చూసుకోండి, పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. వదిన కళ్లు తుడుచుకుంటూ నేల మీద చతికిలబడింది. అన్నయ్య మంచాన పడ్డాక ఆవిడ అలా నవ్వడం గలగల చూడలేదు, సంతోషంతో ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. ఇస్త్రీ తాత ఒక్కడే మొహం ముడుచుకుని దిండు గలీబులు రుద్దుతున్నాడు. మేనేజరు చప్పట్లు కొట్టి, "నేనే గెలిచాను, నాకు కోపం రాలేదు" అని వెళ్లిపోయాడు.

సాయంత్రం డ్యూటీ దిగేముందు గలగలకి పైనించి మేనేజరు పిలుపొచ్చింది. చేతులు తుడుచుకుని వెళ్లింది. ఆయన కుర్చీ చూపించాడు, మంచినీళ్లు కూడా ఇప్పించాడు.

"జనం దీనికి ఎందుకు పడిచస్తారో ఇవాళ తెలిసిందమ్మా. కచేరీలో అర్థం కాకపోయినా మర్యాదకి అందరూ తలాడిస్తారు. దీని దగ్గర ఆ మర్యాదలేం సాగవు. మనసులో ఉన్న మాట తగిలితేనే నవ్వొస్తుంది. తగిలాక ఆపుకోవడం ఎవరి తరమూ కాదు."

"అంతే సార్! సరిగ్గా అదే!" గలగల పొంగిపోయింది. ఇన్నాళ్లూ తనకి చెప్పడం చేతకానిది ఈయన ఎంత బాగా చెప్పాడు! అనవసరంగా ఆడిపోసుకున్నామనిపించింది.

"రేపు వంటింట్లో పాడతావా? ఆ తర్వాత గదులు సర్దేవాళ్ల దగ్గర?"

"పాడతా సార్. వంటింటికి వేరే కట్టుకొస్తా. ఒక్కరు కూడా నవ్వకుండా ఉండలేరు, చూడండి."

"అదే కావాలి నాకు."

"ఒక్కటే సార్... మా వదినని తోడు తీసుకెళ్లనివ్వండి. ఆవిడ మొదలుపెడితే మిగతావాళ్లకి ధైర్యమొస్తుంది."

మేనేజరు జాలిగా తలూపాడు.

"మీ వదిన రేపట్నుంచి రాదమ్మా. యంత్రం వస్తోంది కదా, ఎవర్ని తీసెయ్యాలో తేలక సతమతమైపోతున్నా. ఇవాళ నువ్వు పాడినంతసేపూ నేను నిన్ను చూడలేదు, నవ్వేవాళ్లని చూశాను."