పన్నెండో బ్రేకు

నాన్న నోటుపుస్తకం పోయింది సోమవారం మధ్యాహ్నం. ఆమె భోజనానికి వెళ్లి వచ్చేసరికి బల్ల మీద లేదు.

రైలు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రం అది. అక్కడ సిమ్యులేటరు తయారుచేస్తున్నది ఆమే. అచ్చం ఇంజనులా ఉండే చిన్న గది, ఎదురుగా పెద్ద తెర, తెర మీద పరుగెత్తే పట్టాలు. అందరూ ఆమెను సిమ్యులేటరమ్మ అనేవారు.

మిగతా పనంతా అయిపోయింది. ఎమర్జెన్సీ బ్రేకు ఒక్కటే ఆమెను ఏడిపించింది. హ్యాండిల్ లాగితే గొట్టంలో గాలి ఒక్కసారిగా పోతుంది. రైలు మాత్రం ఒక్కసారిగా ఆగదు. ముందు పెట్టెలకు బ్రేకు ముందు పడుతుంది, వెనకవాటికి కాస్త ఆలస్యంగా. ఈలోగా వెనకవి వచ్చి ముందువాటిని గుద్దుతాయి. ఎంత దూరంలో ఆగుతుందో లెక్కలు సగమే చెప్పగలిగాయి.

ఆ సగం పూరించింది నాన్న పుస్తకం. నాన్న ముప్ఫై ఏళ్లు రైలు నడిపాడు. ఆయన బండి ఆపితే గ్లాసులో నీళ్లు కదలవని పేరు. ఆయన పోయి ఆరు నెలలైంది. పుస్తకం ఆయన బట్టల కింద దొరికింది. పన్నెండు ఎమర్జెన్సీ బ్రేకులు, పన్నెండు వరుసలు, గుండ్రటి అక్షరాలు. వేగం, పెట్టెలు ఎన్ని, వాన ఉందా లేదా, ఎన్ని మీటర్లలో ఆగింది, చివర కారణం. ‘పట్టాల మీద కొమ్మ.’ ‘గేటు విరగ్గొట్టిన లారీ.’ తొమ్మిదో వరుసలో ‘ఆరేసిన ఎర్ర దుప్పటి, జెండా అనుకుని.’ అది చదివి, ఆరు నెలల్లో మొదటిసారి ఆమె గట్టిగా నవ్వింది. పన్నెండో వరుసలో మాత్రం కారణం గడి ఖాళీ.

శుక్రవారం సిమ్యులేటరును పరీక్షించే అధికారి వస్తాడు. అసలు పుస్తకం కళ్లారా చూస్తేనే ఆ అంకెలు ఒప్పుకుంటానన్నాడు. లేకపోతే ఏడాది పని చెత్తబుట్టలోకే.

“దొంగ బాగా చదువుకున్నవాడేనమ్మా,” అన్నాడు స్టోరుకీపరు. “పక్కనే ఉన్న నా బిస్కెట్ల డబ్బా ముట్టుకోలేదు. పోనీ, ఫోటో తీసి పెట్టుకోలేదా?”

“ప్రతి ఫైలూ మూడు చోట్ల దాస్తాను. ఇది దాచాలని తట్టలేదు.”

ఆమె అనుమానం ఒక్కరి మీదే. బాబాయి. నాన్న తమ్ముడు, ఆయనా పాత డ్రైవరే. ఇప్పుడు ఇదే కేంద్రంలో పాఠాలు చెబుతున్నాడు. పుస్తకాన్ని గాజుపెట్టెలో పెట్టి, కింద నాన్న పేరు రాయిస్తామని ప్రిన్సిపాలు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టనివాడు ఆయనొక్కడే. పైగా సోమవారం నుంచి చేతులు కడుక్కోవడానికి వెళ్లినా సంచీ చంకలోనే ఉంటోంది.

అడిగితే నవ్వేసి తప్పించుకుంటాడు. అందుకని ఆమె వల పన్నింది. తొమ్మిదో వరుసలో రైలు ఆగింది ఆరువందల నలభై మీటర్లకు. సాఫ్ట్‌వేరులో దాన్ని ఐదువందల నలభై చేసింది. అసలు అంకె ఆమెకు తెలుసు, పుస్తకానికి తెలుసు. పుస్తకం దగ్గరున్నవాడికి తెలుసు.

గురువారం పొద్దున్నే బాబాయిని పిలిచింది.

“ఒక్కసారి కూర్చో బాబాయ్. తొంభై వేగం, పద్నాలుగు పెట్టెలు, వాన. ఎర్రగా ఏదైనా కనిపిస్తే లాగెయ్.”

“ఈ బొమ్మ రైలుకి నేనెందుకే? మీ స్టోరుకీపరు చాలడూ?” అంటూనే కూర్చున్నాడు. సంచీ ఒళ్లో పెట్టుకున్నాడు.

తెర మీద వానలో ఎర్రగా ఏదో ఊగింది. బాబాయి చెయ్యి హ్యాండిల్ మీద పడింది. గాలి బుస్సుమంది. గాలి ఒత్తిడి చూపే ముల్లు సున్నాకి పడిపోయింది. కుర్చీ ఒక్క కుదుపు కుదిపింది. ఇంకాస్త దూరం పోయి రైలు ఆగింది.

బాబాయి మొహం చేదు మాత్ర నమిలినట్టు పెట్టాడు.

“నచ్చలేదా?”

“తొందరపడి ఆగిపోయింది. ఇంకో వంద మీటర్లు పోవాలి. దుప్పటి దాటిపోవాలి, ఆ ఇంటావిడ చీపురు పట్టుకుని తిడుతూ బయటికి రావాలి, అప్పుడాగాలి.”

ఆమె లేచి తలుపు మూసింది.

“వంద అని నీకెలా తెలుసు? ఆ లెక్క పుస్తకంలో తప్ప ఎక్కడా లేదు. ఇలా ఇచ్చెయ్ బాబాయ్.”

ఆయన సంచీలోంచి పుస్తకం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“అందులో ఒక్క మాట రాసి, రేపు పొద్దున నీ బల్ల మీద పెట్టేద్దామనే అనుకున్నాను.”

“నాన్న పేరు గాజుపెట్టెలో కనిపిస్తే నీకంత కుళ్లా?”

“నోరు చూడు దీనికి! అన్నయ్య మీద నాకు కుళ్లేంటే?”

“మరి అంకెలన్నీ బట్టీ పట్టడం దేనికి?”

“బట్టీయా? బళ్లో పన్నెండో ఎక్కమే రాలేదు నాకు.” నవ్వాడు. నవ్వుతూనే ఆమె చేతిలోని పుస్తకాన్ని చివరి పేజీకి తిప్పాడు. పన్నెండో వరుసలో, ఖాళీ గడి మొదట్లో, కొత్తగా ఒక పెన్సిలు చుక్క ఉంది. రాయబోయి ఆగిపోయినట్టు.

ఆ చుక్క పక్కన వేలు పెట్టి ఆయన అన్నాడు.

“మీ నాన్న ముప్ఫై ఏళ్లలో ఆ హ్యాండిల్ ఒక్కసారి కూడా లాగలేదు తల్లీ. నేను లాగినప్పుడల్లా మా ఇంటికొచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, అన్నీ అడిగి రాసుకునేవాడు. ఈ పన్నెండూ నావే. పన్నెండోది ఎందుకు లాగానో అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.”