గుమ్మం ముందు చుక్కలు

కొత్తరేవులో ఓడలు పెరిగాయి, జనం పెరిగారు, గదులు మాత్రం పెరగలేదు. అందుకే ఒక్కో గదిని ఇద్దరికి పూటల లెక్కన ఇచ్చేవారు. ఒకరు మేడ దిగి వెళ్తేగాని రెండోవారికి తలుపు తెరుచుకోదు. నూకరత్నం రాత్రి పడుకుని, తెల్లారగానే రేవులో క్రేన్ నడపడానికి వెళ్ళేది. రాత్రంతా అదే క్రేన్ నడిపి వచ్చినావిడ, పగలు అదే మంచం మీద పడుకునేది.

పూట మారేటప్పుడు గంటసేపు క్రేన్ ఆపేవారు కాబట్టి, అక్కడ కూడా ఒకరి ముఖం ఒకరు చూసిందే లేదు. కానీ నూకరత్నం గుమ్మం ముందు చుక్కలు పెట్టి వెళ్తే, సాయంత్రానికి అవి ముగ్గయ్యేవి. ఒకనాడు తామర, ఒకనాడు చేప. ఊడ్చే యంత్రం కూడా ముగ్గు తొక్కకుండా పక్కకు తప్పుకునేది.

ఒక సాయంత్రం, మేడ చూసుకునే గవర్రాజు ఎదురొచ్చాడు.

"నక్క తోక తొక్కినావమ్మా! గదంతా ఇంక నీదే. రాత్రి క్రేన్లకి మనుషులక్కర్నేదంట. ఆవిడ్ని పంపీసినారు."

సొంత గది కావాలని ఏళ్ళ తరబడి అడిగింది నూకరత్నమే.

"ఆవిడ పేరేటి బాబూ?"

"పేర్లు సెప్పకూడదమ్మా." గవర్రాజు తల గోక్కున్నాడు. "ఎల్తా ఎల్తా ఆవిడా నీ పేరే అడిగింది. నాను సెప్పనేదు."

మర్నాడు పొద్దున చెయ్యి అలవాటుగా చుక్కలు పెట్టేసింది. సాయంత్రం వచ్చేసరికి చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. తనే కలుపుదామని పిండి పట్టుకుని కూర్చుంది. ఆవిడ ఏ చుక్క దగ్గర మొదలుపెట్టేదో, పాపం, ఎప్పుడూ చూడలేదు.