మోటారు సంఘం అధ్యక్షుడు

ఇంటి ఓనరు నీళ్ల మోటారు బాగుచేయించడం లేదు. మూడో అంతస్తుకు బకెట్లు మోసి నడుములు పడిపోయాక, అద్దెవాళ్లమంతా మేడమీద సంఘం పెట్టుకున్నాం. అధ్యక్షుడెవరన్న దగ్గరే జుట్టూ జుట్టూ పట్టుకున్నాం.

ఆ గోలకు ఓనరే పైకొచ్చాడు. "ఒక్కొక్కరే మాట్లాడండయ్యా. చేతులెత్తండి, నేను లెక్కపెడతా," అని కసిరాడు.

అందరం జుట్లు వదిలేసి, బుద్ధిగా చేతులెత్తాం.

"సభ నడపడమంటే ఇదీ. ఈయన్నే పెట్టేద్దాం," అంది టైలరమ్మ. ఏకగ్రీవం.

పదవి అనేసరికి ఆయన మొహం చేటంతయింది. మమ్మల్ని వెంటేసుకుని దిగి, తన ఇంటి తలుపే దబదబా బాదాడు.

లోపల్నుంచి ఆయన భార్య, ఆయన నేర్పిన మాటే అప్పజెప్పింది. "ఓనరుగారు ఊళ్లో లేరు. వచ్చే నెల రండి."

అధ్యక్షుడు మెట్టు మీద చతికిలబడ్డాడు. "అబద్ధం. లోపలే నక్కుంటాడు దొంగవెధవ. మోటారు తిరిగేదాకా ఎవరూ కదలొద్దు."