కుర్చీ వదిలితే సున్నా

మొదటి చెంపదెబ్బకే కృష్ణమోహన్ గారి కళ్లజోడు ఎగిరి మంజూష కాళ్ల దగ్గర పడింది.

“అబ్బ! మస్తు కొట్టిండు,” అన్నాడు పక్కన కూర్చున్న కేదార్, చూసింది చూసినట్టు కాగితం మీద రాసుకుంటూ.

అది ఎంబీఏ రెండో ఏడు క్లాసు. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డుల మధ్య ఇరుక్కున్న మూడో అంతస్తు. అమెరికాలో కంపెనీలు కూలి, ఇక్కడ ఉద్యోగాలు ఊడుతున్న ఏడాది. సంస్థల్లో మనుషుల ప్రవర్తన గురించి పాఠం చెప్పే కృష్ణమోహన్ గారికి పుస్తకంలోంచి చెబితే తృప్తి ఉండదు. అంతా కళ్లముందు జరగాలి. అందుకే నిన్ననే హెచ్చరించారు.

“రేపు కృష్ణానగర్ నుంచి ఒక జూనియర్ ఆర్టిస్టు వస్తాడు. టై కట్టుకుని, ఫైలు పట్టుకుని. ఉద్యోగం పోయినవాడి వేషం. నన్ను తిడతాడు, కొడతాడు. నేను మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తాను. ఇది నాటకం కాదు, నిజం అని కూడా అరుస్తాను. నమ్మారో, మార్కులు గోవిందా! చూడాలి, రాయాలి, అంతే. కుర్చీలోంచి లేచినవాళ్లకి సున్నా.”

మంజూషకి ఆ సున్నా రాకూడదు. హైటెక్ సిటీలో ఒక కంపెనీ, సారు ఎవరి పేరు చెబితే వాళ్లకే ఉద్యోగమంది. అది రాకపోతే పంజాగుట్ట హాస్టల్ ఖాళీ చేసి మళ్లీ వదిన దెప్పుళ్ల మధ్యకి పోవాలి. చచ్చినా పోనని ఒట్టు పెట్టుకుంది.

ఇవాళ టై, ఫైలుతో అతను తలుపు తోసుకుని రాగానే సారు మొహం పాలిపోయింది. చేతిలో సుద్దముక్క జారిపడింది. సారు ఇంత నటుడా అని క్లాసంతా ముచ్చటపడింది.

“నరేందర్ గారూ, కూర్చుని మాట్లాడుకుందాం,” అన్నారు సారు, చెంప పట్టుకుని.

“ఇప్పుడు గారు యాదికొచ్చిందా? ఉద్యోగం తీసేస్తే మనిషేం జేస్తడు, ఇయ్యాల్టి పాఠం అని కింద గోడకు కాయితం అంటించినవ్ గద! నా బతుకును పాఠం జేసినవ్. మరి ముగింపు సుత జూపియ్యాలె గద!”

కాలర్ పట్టుకుని సారు తలను బోర్డుకేసి కొట్టాడు. సుద్దపొడి లేచింది. పక్క హాల్లో మైకులో జావా పాఠం సాగుతూనే ఉంది.

“మా కంపెనీకి సలహాలియ్యనీకి వచ్చినవ్. తీసేసినోణ్ణి గార్డులు తీస్కపోతుంటే ఎవ్వడూ కుర్చీల నుంచి లేవొద్దు, లేస్తే వాని నౌకరి సుత పోతదన్నవ్. నన్ను మెట్ల మీద ఈడ్సుకపోతుంటే హాలంత తలకాయలు దించుకున్నది. నా జిగ్రీ దోస్తు సుత!”

“అది పద్ధతి నరేందర్ గారూ... గొడవ పెరగకుండా...”

కడుపులో తన్నాడు. సారు రెండుగా మడుచుకుపోయారు.

“ఇయ్యాల నీ కోసం ఎవడు లేస్తడో జూద్దాం!”

ముందు వరసలో ఖాళీగా ఉన్న ఇనప కుర్చీ ఎత్తి భుజం మీద దించాడు. ఎముక విరిగిన చప్పుడైంది. సారు నోట్లోంచి నెత్తురు కారింది.

“అయ్యో, ఆ రక్తం?” అంది మంజూష.

“రంగు పొట్లం నోట్ల పెట్టుకుంటరు. మా గల్లీల ఫైటర్లున్నరు, నాకు తెల్వదా?” అన్నాడు కేదార్.

“కేదార్! పట్టుకోండయ్యా వీణ్ణి! ఇది నాటకం కాదు, నిజం!”

క్లాసు గొల్లుమంది. చెప్పిన మాట చెప్పినట్టు అన్నారు మరి.

సారు నేలమీద పాకుతూ మంజూష వైపు చెయ్యి చాచారు. “అమ్మా మంజూషా... నువ్వన్నా లే తల్లీ...”

అమ్మా, తల్లీ అనడం నిన్న చెప్పినదాంట్లో లేదు. సారు ఎవరినీ అలా పిలవరు కూడా. మంజూష సగం లేచింది. కేదార్ చెయ్యి పట్టి గుంజాడు.

“పాగల్! ఈ ఉచ్చు నీ కోసమే. జాబ్ వద్దా?”

మంజూష కూర్చుంది. ఆయన కళ్లలోకి చూడలేక తల దించుకుంది. కాగితం మీద రాసింది: ‘బాధితుడు జాలి ద్వారా పరిశీలకురాలిని లొంగదీయబోయాడు.’ ఈ వాక్యానికి సారు తప్పకుండా మెచ్చుకుంటారనిపించింది.

నరేందర్ కుర్చీ ఎత్తిపట్టుకునే క్లాసు వైపు తిరిగాడు. అతని కళ్లలో నీళ్లు.

“ఒక్కలన్న లేవరా? అడ్డం రారా?”

ఎవరూ కదల్లేదు. పెన్నులు మాత్రం కదులుతున్నాయి.

“జూసినవా సార్? మంచిగనే నేర్పినవ్.”

కుర్చీ సారు తల మీద పడింది. ఒకసారి కాదు. సారు కాళ్లు తన్నుకుని ఆగిపోయాయి. నరేందర్ ఆ కుర్చీని మళ్లీ వరసలో సర్ది, ఫైలు తీసుకుని, మొహం తుడుచుకుంటూ వెళ్లిపోయాడు.

క్లాసంతా కూర్చునే చప్పట్లు కొట్టింది.

నెత్తురు మెల్లగా మొదటి వరస దాకా వచ్చింది. మంజూష కుర్చీ వదలకుండానే వంగి కళ్లజోడు అందుకుంది.

“సార్, అయిపోయింది. లెండి.”

ఆయన లేవలేదు.

“ఎవరు ముందు లేస్తరా అని చూస్తుండు. బెల్లు కొట్టేదాంక కదలకు,” అన్నాడు కేదార్.

నిజమే కాబోలనుకుంది మంజూష. కళ్లజోడు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది.

మెట్ల మీద పరుగు చప్పుడైంది. టై కట్టుకుని, ఫైలు పట్టుకుని, ఆయాసపడుతూ ఒకాయన గుమ్మంలో నిలబడ్డాడు. నేలమీద పడి ఉన్న మనిషిని ఇంకా చూడలేదు.

“కృష్ణానగర్ నుంచి వస్తున్న, పంజాగుట్ట ట్రాఫిక్‌ల ఇరుక్కున్న, జర మాఫ్ జెయ్యుండ్రి,” అన్నాడు.

“సార్‌ను కొట్టాల్సింది నేనే.”