నలభయ్యో టోకెను

తెల్ల ఓడ ఆ సాయంత్రమే వెళ్ళిపోతుంది.

పరాయి దేశపు ప్రభుత్వం పంపిన ఆసుపత్రి ఓడ అది. రెండేళ్ళకొకసారి రేవుకొస్తుంది. పది రోజులుండి, జనం కళ్ళూ చెవులూ పళ్ళూ ఉచితంగా బాగుచేసి పోతుంది. పళ్ళ విభాగాన్ని రేవు గోదాములో పెట్టారు. రోజుకు నలభై టోకెన్లు.

ఆఖరి రోజు ఆఖరి టోకెను ఆయన చేతిలో ఉంది.

ఆయన ఎడమ చెంప బుడగలా ఉబ్బింది. మూడు వారాలుగా జావతోనే నెట్టుకొస్తున్నాడు. పంటి బిగువున ఓర్చుకుందామంటే మొరాయించింది ఆ పన్నే మరి. అయినా ఓడ వచ్చిన దగ్గర్నుంచీ "రేపు చూద్దాం" అంటూ తొమ్మిది రోజులు గడిపేశాడు. పదో రోజు పొద్దున్నే భార్య రెక్క పుచ్చుకుని లాక్కొచ్చింది.

"సూదంటే ఈ వయసులో కూడా అంత భయమేంటండీ?"

"భయం కాదే. అదెలా ఉంటుందో నాకు తెలుసు."

"తెలిసినవాళ్ళకే భయమెక్కువ," అందావిడ.

ముందు నిలబడ్డ సెలూన్ యజమాని వెనక్కి తిరిగి చూశాడు. ఆయన్ని గుర్తుపట్టగానే ముఖం చేటంత అయింది.

"మీరు కూడా వచ్చారా? ఈ వేడుక చూడ్డానికైనా ఇంకో పన్ను పీకించుకోవచ్చు."

వరుసంతా గొల్లున నవ్వింది. ఆయన తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

అప్పుడొచ్చింది ఆ అమ్మాయి. నది అవతలి ఒడ్డు నుంచి రెండు పడవలు మారి వచ్చింది. దవడ చుట్టూ గుడ్డ కట్టుకుంది. కళ్ళు ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డాయి. టోకెన్లు అయిపోయాయని గుమాస్తా చెప్పగానే అక్కడున్న బల్ల మీద కూలబడింది.

"నేనసలు ఓడ కోసం రాలేదు పిన్నీ," అని ఆయన భార్యతో చెప్పుకుంది. "ఈ ఊళ్ళో మంచి పళ్ళ డాక్టరున్నాడంటే వచ్చాను. తీరా వస్తే షట్టరు దించి ఉంది. 'ఈరోజు సెలవు' అని కాగితం అంటించి ఉంది. ఇవాళే ఏం రాచకార్యం వచ్చిపడిందో ఆ మహానుభావుడికి."

పిన్నిగారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మాయి ఆయన వైపు తిరిగింది.

"మీది ఈ ఊరేగా బాబాయ్ గారూ? మీరు ఆ డాక్టరు దగ్గర చూపించుకోవచ్చుగా. ఇవాళ కాకపోతే రేపైనా ఉంటాడు. నాకు సాయంత్రం పడవ తప్పితే మళ్ళీ నాలుగు రోజుల దాకా లేదు. ఆ టోకెను నాకిస్తే మీ పేరు చెప్పుకుని బతుకుతాను."

"ఆ డాక్టరు వల్ల కాదు తల్లీ," అన్నాడాయన.

"ఏం, చెయ్యి మంచిది కాదా?"

"చేతికేం, బంగారం. ఊరికి ఉన్నదే ఒక్కడు. ముప్పై ఏళ్ళుగా అందరి పళ్ళూ చూస్తున్నాడు. నా పన్ను దగ్గరికొచ్చేసరికే చేతకానివాడైపోయాడు."

"అంత గొప్ప పన్నా మీది?"

వరుస మళ్ళీ నవ్వింది. ఆయన టోకెను వైపు చూశాడు. అమ్మాయి దవడ వైపు చూశాడు. జాలేసింది, నిజంగానే జాలేసింది. అయినా టోకెను తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు మాత్రం వెళ్ళిపోకు. నేను బయటికొచ్చేదాకా ఇక్కడే ఉండు."

"ఎందుకు, మీ పన్ను ఊడిన సంబరం చూడ్డానికా?" అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "ఎవరి నొప్పి వాళ్ళది లెండి."

ఆమె లేవబోతే పిన్నిగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "నా మాట విను. పడవకింకా బోలెడు టైముంది."

లోపల, పరాయి దేశపు డాక్టరమ్మకు మన మాటలు నాలుగు ముక్కలే వచ్చు. కుర్చీలో వెల్లకిలా పడుకుంటే ఆయనకు దీపం మరీ పెద్దగా కనిపించింది. ఆమె చేతిలో సూది అంతకంటే పెద్దగా కనిపించింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"చీమ కుట్టినట్టు ఉంటుంది," అంది డాక్టరమ్మ. ఆ నాలుగు ముక్కల్లో అదొకటి.

అది పచ్చి అబద్ధమని ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గోదాములో లేరు.

పావుగంటలో పన్ను గిన్నెలో టంగుమంది. ఆయన దాన్ని తీసుకుని, పంటి వేళ్ళన్నీ పూర్తిగా వచ్చాయో లేదో తిప్పి తిప్పి చూశాడు. తప్పు పట్టడానికేమీ దొరకలేదు. డాక్టరమ్మ నవ్వింది. ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. మూడు వారాల తర్వాత లోకం మళ్ళీ మంచిదిగా కనిపించింది.

బయటికొచ్చేసరికి గోదాము తలుపులు మూసేస్తున్నారు. ఓడ మొదటి కూత కూసింది. అమ్మాయి బల్ల మీద ముఖం తిప్పుకుని కూర్చుంది.

"పద," అన్నాడు, నోట్లో దూదితో.

"ఎక్కడికి?"

ఆయన చకచకా నడిచాడు. పిన్నిగారు అమ్మాయిని లేవదీసి వెంట తీసుకొచ్చింది. రెండు వీధులు దాటి, మందుల కొట్టు పక్కన ఆగారు. పిన్నిగారు సంచిలోంచి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన 'ఈరోజు సెలవు' కాగితం చింపేసి, షట్టరు పైకెత్తి, మేకుకున్న తెల్లకోటు తొడుక్కుని, అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, "నోరు తెరు తల్లీ, చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే," అన్నాడు.