ఆపిన చోటి నుంచి

“ఏమయ్యా, నా చెవి ఏది?” అన్నాడు పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన పెద్దాయన.

ఫోటో స్టూడియో యజమానికి చెవే కాదు, ఏమీ కనిపించడం లేదు. కంప్యూటర్‌లో ఆయన బొమ్మ చెవి దాకా కత్తిరిస్తుంటే మూల నుంచి ఓ పెట్టె ఊడిపడింది. ‘వేరే చోట మొదలుపెట్టిన పని. ఇక్కడ కొనసాగిస్తారా?’ అలవాటుగా నొక్కేశాడు. పెద్దాయన మొహం మాయమై అద్దె గది ఒకటి తెరుచుకుంది.

చిన్న గది. పక్కనే వంటకి కాస్త చోటు, బట్టలు ఉతుక్కోవడానికి కుళాయి. ఎందరుంటారు? ‘ఒక్కరే.’ ఎప్పటి నుంచి? ‘ఆదివారం.’ పేరు రాయాల్సిన గడి మాత్రం ఖాళీ.

ఈ పని మొదలైంది ఇంట్లోనే. ఫోను భార్యది, ట్యాబ్ తల్లిది, ఈ కంప్యూటర్ తనది. మూడింటినీ తన పేరున ఉన్న ఒకే అకౌంటుకి కట్టేసింది తనే. ‘దాంట్లో ఆపిన పని దీంట్లో అందుకోవచ్చు, ఎంత సుఖమో చూడండి’ అని ఇద్దరికీ చెప్పాడు. భార్య ఏం చూస్తోందో, ఎవరికి ఏం రాస్తోందో స్టూడియోలో కూర్చుని చూసుకోవచ్చు. కాపలాకి సుఖం అని పేరు పెట్టాడు అయ్యవారు.

భార్యకి ఫోన్ చేశాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు.

“గది ఎవరికే?”

“ఏ గదండీ?”

“నాటకాలు చాలు. నన్నొదిలేసి పోతున్నావా?”

“నేనెక్కడికీ పోవట్లేదు.”

“మరి వెతికిందెవరు?”

“నేనే.”

“అంటే పోతున్నట్టేగా!”

“పోవట్లేదని చెప్పానా లేదా? సెలైన్ అయిపోతోంది, ఉంటాను.”

వెతికింది ఆవిడే. పోయేది మాత్రం ఆవిడ కాదట! అతను తల పట్టుకుని తెర వైపు చూశాడు. చూస్తుండగానే ‘ఆదివారం’ చెరిగిపోయింది. ఒక్కో అక్షరమే వచ్చి ‘శనివారం’ అయింది.

భార్య సెలైన్ దగ్గరుంటే ఇది రాస్తున్నదెవరు?

“చెవి...” అన్నాడు పెద్దాయన.

“రేపు రండి.”

“చెవి లేకుండా ఇంటికి పొమ్మంటావా?”

అతనికి వినబడలేదు. చివరి పేజీలోనైనా ఆ మనిషి పేరు దొరక్కపోతుందా అని ‘తరువాత’, ‘తరువాత’, ‘సరే’ అని చదవకుండా నొక్కుకుంటూ పోయాడు. ఆకుపచ్చ టిక్కు పడి పేజీ మూసుకుంది. పేరు గీరు ఏమీ కనిపించలేదు. షట్టర్ దించేసి ఇంటికి పరిగెత్తాడు.

తల్లి ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలికి కట్టు ఉంది.

“మంచినీళ్ళు,” అన్నాడు లోపలికి వస్తూనే.

ఆమె లేచి కుంటుకుంటూ వెళ్ళి తెచ్చిచ్చింది. అతను గటగటా తాగి గ్లాసు తిరిగి ఆమె చేతికే ఇచ్చాడు.

“అమ్మా, శనివారం అని రాసింది నువ్వేనా?”

“నేనే. ఆదివారం దాకా ఎందుకులే అనిపించింది.”

“అంటే నువ్వు పోతున్నావా?”

“నా ఇల్లు వదిలి నేనెక్కడికి పోతానురా?”

అది పోదు. అమ్మా పోదు. ఒక్క మనిషికి గది. అతను గుమ్మం వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. ఉన్నట్టుండి మొహం వెలిగింది.

“దాన్ని పంపించేస్తున్నావా? ఆ సంగతి దానికింకా తెలీదు, అంతేనా? ముందే చెప్పొద్దూ! నేను అడ్డం పడేవాణ్ణా? కూరలో ఉప్పు వెయ్యడం చేతకాదు, పైగా మొన్న పింగాణీ పళ్ళెం విసిరేదాకా తెచ్చింది.”

“ఆ పళ్ళెం తగిలింది నా కాలికిరా.”

“అది పక్కకి తప్పుకుంది కాబట్టే నీకు తగిలింది. తప్పెవరిది మరి?”

తల్లి గ్లాసు పక్కన పెట్టి కట్టు సర్దుకుంది.

అప్పుడే భార్య డ్యూటీ దిగి వచ్చింది. సంచి పక్కన పడేసి సరాసరి అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టింది.

“వాపు తగ్గింది అత్తయ్యా. పని పూర్తి చేశారా?”

“నా వల్ల కాలేదమ్మాయ్. రోజు మార్చాను. పేరు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.”

“నాకూ అంతే. అందుకేగా మీకు వదిలాను.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె చేతిసంచిలో ఫోను, ఈమె ఒళ్ళో ట్యాబ్ ఒక్కసారే మోగాయి. తల్లి కళ్ళు చికిలించి చదివింది.

“గది ఖాయమైందట! నువ్వు చెయ్యలేదు, నేను చెయ్యలేదు. మరి ఎవరు చేసినట్టు?”

“నేనే,” అన్నాడతను, ఈ ఇంట్లో ఏ పనైనా తన వల్లే తెములుతుందన్నట్టు. “మీరిద్దరూ ఆపిన చోటి నుంచి టకటకా నొక్కేశాను. ఇప్పుడైనా చెప్పి చావండి, ఎవరికి గది?”

భార్య ట్యాబ్ అతని వైపు తిప్పింది. వాళ్ళిద్దరూ ఖాళీగా వదిలేసిన గడిని అకౌంటు తనంతట తనే నింపుకుంది. అందులో ఉన్నది అతని పేరే.

“బట్టలు నిన్ననే సర్దేశాం నాయనా,” అంది తల్లి. “పళ్ళేలు మాత్రం స్టీలువే పెట్టాం.”